మిఠాయిలు మోసిన ఓడ: ‘మమియా’ నమూనా తయారీ డైరీ

జూన్ 7

యుద్ధనౌకల నమూనాలు చేసేవారిలో జపాన్ యుద్ధనౌక ‘యమాతో’ ఫొటో చూడనివారు అరుదు. 1941 సెప్టెంబరు 20న కురే నౌకానిర్మాణ కేంద్రంలో, ఆ మహానౌకకు తుది పనులు జరుగుతుండగా తీసిన చిత్రమది. అందరి చూపూ ఫొటో ముందుభాగంలో కనిపించే ఫిరంగి గోపురం మీదే ఆగిపోతుంది. కుడి అంచున ‘హోషో’ విమానవాహక నౌక కనిపిస్తుందని కొందరు గమనిస్తారు. ఆ రెండింటి వెనుక, నీళ్లకు అవతల, సన్నని పొగగొట్టం నిటారుగా నిలబెట్టుకుని లంగరు వేసి ఉన్న ఓడ ఏమిటని నన్ను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఆ ఓడ పేరు ‘మమియా’. అది జపాన్ నావికాదళానికి తిండి మోసిన సరుకుల నౌక. ఈ ఏడాది నా బల్ల మీదికి రాబోయేది అదే.

1/700 కొలతలో దీనికి ప్లాస్టిక్ కిట్ ఉంది కాని, ఆ కొలతలో మనిషి రెండున్నర మిల్లీమీటర్లు కూడా ఉండడు. నాకు మనుషులు కనిపించాలి, వాళ్లు పెట్టెలు మోస్తుండాలి. అందుకని 1/350లో అంతా చేత్తోనే చేయాలని నిర్ణయించుకున్నాను. అసలు నౌక పొడవు సుమారు 145 మీటర్లు, వెడల్పు 18.6 మీటర్లు కనుక నా నమూనా 414 మిల్లీమీటర్ల పొడవు, 53 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది.

జూన్ 15

చెక్క వచ్చింది. ఆన్‌లైన్‌లో తెప్పించిన బాల్సా పలకలు ఆరింటిలో రెండు అరటి దొప్పలా వంగి ఉన్నాయి. తిప్పి పంపితే మరో పది రోజులు పోతాయని, తడిగుడ్డ చుట్టి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టి రెండు రాత్రులు ఉంచాను. ఒకటి దారికి వచ్చింది, రెండోది రాలేదు. విశాఖలో తొలకరి గాలికి తలుపులే ఉబ్బి బిగుసుకుపోతుంటే బాల్సాను ఏమనగలం?

పలక మీద పలక ఫెవికాల్‌తో అతికించి, ఆరాక చిత్రిక పట్టి, ఆ తర్వాత ఆకురాయితో, చివరికి గరుకు కాగితంతో ఓడ దేహం తీర్చడం పాత పద్ధతి. నీటి మట్టానికి పైనున్న భాగం మాత్రమే చేస్తున్నాను, ఎందుకంటే ఓడను కొయ్య స్టాండు మీద కాక నీళ్లలో చూపించాలని నా కోరిక. ఏ నీళ్లలో, ఏ రోజున అన్నది ఇంకా తేలలేదు. నౌక చరిత్ర చదువుతూ పనిచేస్తే ఆ రోజు దానంతటదే తేలుతుందని నా నమ్మకం.

‘మమియా’ను కోబెలోని కవాసాకి నౌకానిర్మాణశాలలో నిర్మించారు. 1923 అక్టోబరులో జలప్రవేశం చేసి, 1924 జులైలో నావికాదళంలో చేరింది. సఖాలిన్ దీవికి, ఆసియా ప్రధాన భూభాగానికి నడుమ ఉన్న జలసంధిని జపనీయులు మమియా జలసంధి అంటారు. 1808–09లో ఆ ప్రాంతాన్ని శోధించిన మమియా రింజో పేరు దానికి వచ్చింది, జలసంధి పేరు ఓడకు వచ్చింది.

జూన్ 22

ఓడ దేహానికి ఆకారం వచ్చింది. లప్పం పెట్టి ఆరబెట్టాను.

జూన్ 29

నావికాదళం ఒక పెద్ద ఓడను కేవలం తిండి కోసం కట్టించుకోవడం వెనుక ఒక పాత గాయం ఉంది. 1882–83లో ‘ర్యూజో’ అనే శిక్షణ నౌక సుదూర యాత్రకు వెళ్లినప్పుడు 376 మంది సిబ్బందిలో 169 మందికి బెరిబెరి అనే జబ్బు వచ్చింది, 25 మంది చనిపోయారు. నావికాదళ వైద్యుడు తకాకి కనెహిరో, తెల్లగా పాలిష్ పట్టిన బియ్యమే ప్రధానంగా ఉన్న ఆహారాన్ని అనుమానించి, 1884లో ‘త్సుకుబా’ నౌకను దాదాపు అదే దారిలో మాంసం, బార్లీ, చిక్కుళ్లతో కూడిన భోజనం ఇచ్చి పంపించాడు. ఆ యాత్రలో బెరిబెరితో ఎవరూ చనిపోలేదు. అసలు కారణమైన విటమిన్ లోపం సంగతి ఆయనకు తెలియదు, కాని పళ్లెంలో ఏముందన్నది నావికుడి ప్రాణానికి సంబంధించిన విషయమని అప్పటి నుంచి జపాన్ నావికాదళం మరిచిపోలేదు. ఒకప్పటి ఉత్తర సర్కారు జిల్లాల్లో కూడా మరపట్టిన బియ్యంతో పాటు ఈ జబ్బు పాతుకుపోయి ఉండేది కనుక, మన వైపువారికి ఈ కథ మరీ పరాయిది కాదు.

ఇక్కడ చిన్న పక్కదారి. ‘ర్యూజో’ అనే పేరునే తర్వాత ఒక చిన్న విమానవాహక నౌకకు పెట్టారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన విమానాలు ఆ నౌక మీంచే లేచాయి.

జులై 6

ఈ వారమంతా కిటికీలే. ఓడ పక్కల పొడవునా వరుసగా గుండ్రటి కిటికీలున్నాయి. అసలు కిటికీ ముప్పై సెంటీమీటర్లనుకుంటే, నా కొలతలో 0.8 మిల్లీమీటర్ల సూదిమొన డ్రిల్లు సరిపోతుంది. పెన్సిలు గీత గీసి, కంటి లెక్కతో ఎడమ పక్కన పదిహేడు రంధ్రాలు వేశాక దూరం నుంచి చూస్తే, వరుస కొలను గట్టులా ఎగుడుదిగుడుగా ఉంది. అన్నింటిలో లప్పం నింపి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి కంప్యూటరులో సమదూరంలో చుక్కలు పెట్టి, సన్నని పట్టీలా ముద్రించి, దాన్ని టేపుతో ఓడ దేహానికి అంటించి, ముందు ప్రతి చుక్క మీదా సూదితో గాటు పెట్టి, ఆ గాటులో డ్రిల్లు నిలిపి తిప్పాను. రెండు చోట్ల బాల్సా పీచు లేచింది. చుక్క సూపర్ గ్లూ వేసి, గట్టిపడ్డాక మళ్లీ తొలిస్తే అంచు చక్కగా తెగింది. బాల్సా మీద సన్నని రంధ్రాలు వేసేవారు ముందే జిగురు పట్టించి తొలవడం మేలు. నేను తెలుసుకునేసరికి సగం ఓడ అయిపోయింది.

కిటికీలు తొలుస్తుంటే వాటి వెనుక ఏముండేదో ఊహించక తప్పదు. 18,000 మందికి మూడు వారాలకు సరిపడే ఆహారం ఈ ఓడలో పట్టేది. మాంసానికి, చేపలకు, కూరగాయలకు శీతల గదులుండేవి. పశువులను సజీవంగా ఎక్కించుకుని ఓడ మీదే కోసేవారు. టోఫు, రొట్టె, ఐస్‌క్రీం, గోలీ సోడా వంటి రమునే, బియ్యపు అప్పాల మధ్య తీపి కూరిన మొనకా, ఆవిరి మీద ఉడికించిన మంజు అన్నీ లోపలే తయారయ్యేవి. వీటిని చేసేవారిలో చాలామంది సైనికులు కారు, నావికాదళం జీతానికి పెట్టుకున్న పౌరులు: రొట్టెలు కాల్చేవారు, మిఠాయిలు చేసేవారు, కసాయివారు. యూనిఫాం వేసుకోని ఈ పనివాళ్లే నా నమూనాలో మొదట కనిపించాలి.

జులై 13

యోకన్ వండాను. ఇది నమూనా పనికి సంబంధం లేనిదని ఇంట్లో ఆక్షేపణ వచ్చింది కాని, ‘మమియా’ పేరు చెప్పగానే జపాన్ నావికులకు గుర్తొచ్చే మిఠాయి యోకన్ కనుక నేను పట్టువిడవలేదు. అజుకి అనే ఎర్ర చిక్కుడు గింజలను ఉడికించి, మెత్తగా నూరి, చక్కెర, అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే చైనా గ్రాస్)తో కాచి, అచ్చులో పోసి గడ్డకట్టించి, కడ్డీలుగా కోస్తారు. చక్కెర ఎక్కువ, తడి తక్కువ కనుక ఉష్ణమండలపు వేడిలో సైతం త్వరగా పాడు కాదు. అజుకి ఇక్కడి కొట్లలో లేదు కనుక ఎర్ర బొబ్బర్లు, చైనా గ్రాస్ వాడాను. మొదటి వాయి అచ్చులోంచి రాలేదు, రెండోది వచ్చింది. అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, “ఇది పూర్ణమే కదరా, పిండి చుట్టడం మరిచిపోయారు పాపం” అంది. ఇంతకంటే సరైన వర్ణన నేనెక్కడా చదవలేదు.

ఓడ మీద చేసిన యోకన్ అంగడి యోకన్ కంటే పెద్ద కడ్డీ అని, రుచిలోనూ మేలని పేరు. ఈ ఓడ రేవులోకి వస్తోందంటే యుద్ధనౌకల నుంచి పడవలు పోటీపడి బయలుదేరేవి.

జులై 27

పొగగొట్టం. ఫొటోలో దాన్ని ఓడ పొడవుతో పోల్చి కొలిచాను. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర తెప్పించి, ఆ ఊళ్లోనే ఒక కళాకారుడి చేత లేత్ మీద తిప్పించాను. అంకుడు మెత్తన, పొర సన్నన. ఉలి తగలగానే వెన్నలా తెగుతుంది. ఇంటికొచ్చి ఓడ మీద నిలబెడితే పొడుగ్గా అనిపించింది. మళ్లీ కొలిస్తే మూడు మిల్లీమీటర్లు ఎక్కువ. తప్పు నాదే: ఫొటోలో ఓడ కెమెరాకు కాస్త ఏటవాలుగా నిలిచి ఉన్నదన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. ఏటవాలుగా ఉన్న ఓడ పొడవు కుంచించుకుపోతుంది, పొగగొట్టం ఎత్తు మాత్రం తగ్గదు. రెండోసారి వెళ్లినప్పుడు ఆయన నవ్వి, “లక్కపిడతలైతే ఈపాటికి రెండు డజన్లయ్యేవి బాబూ” అన్నారు.

ఆ పొగగొట్టం కొసకు నల్లరంగు వేయలేదు. దీపం మసి వేలితో రుద్దాను. ‘మమియా’ బొగ్గుతో నడిచిన ఓడ. నావికాదళాలు నూనెకు మారిపోతున్న కాలంలో ఇది దట్టమైన నల్లపొగ వదులుతూ గరిష్ఠంగా 14 నాట్ల (గంటకు సుమారు 26 కిలోమీటర్ల) వేగంతో నడిచేది. పొగ దూరం నుంచే కనబడుతుంది, వేగం చాలదు. శాంతికాలంలో ఇవి చిన్న లోపాలు.

ఇంకొక సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. ఈ వంటింటి ఓడకు రేడియో నిఘా బాధ్యత కూడా ఉండేది. తమ నౌకలు పంపే సందేశాలు నియమాల ప్రకారం ఉన్నాయో లేదో ఇది చెవి ఒగ్గి వినేది. అందుకే స్తంభాల మధ్య యాంటెన్నా తీగలు కూడా చూపాలి. సన్నని నైలాన్ పోగుకు ఫెవికాల్ చుక్కలు పెట్టి ఇన్సులేటర్లు చేశాను.

ఆగస్టు 10

ఆయుధాలు ఒక పూటలో అయిపోయాయి. 14 సెంటీమీటర్ల ఫిరంగులు రెండు, విమానాలను కొట్టే 8 సెంటీమీటర్ల ఫిరంగులు రెండు. ఏడు మీటర్ల గొట్టం నా కొలతలో 20 మిల్లీమీటర్లు. ఇంజెక్షన్ సూది కోస్తే చాలు. అసలు పని సరుకు దించే డెరిక్కులది. ఇత్తడి గొట్టాలు, కప్పీలు, తాళ్లు కలిసి నెలంతా తినేశాయి. యుద్ధనౌకల నమూనాల్లో ఫిరంగులకు పోసే శ్రద్ధలో పదోవంతు కూడా డెరిక్కులకు పోయరు. ఈ ఓడకు మాత్రం పనిముట్లు అవే.

ఆగస్టు 17

ఈ రోజు పని చేయలేదు. రామకృష్ణా బీచ్‌లోని ‘కుర్సురా’ జలాంతర్గామి మ్యూజియానికి వెళ్లాను. ‘మమియా’ మీద చివరి దెబ్బ కొట్టిన అమెరికా జలాంతర్గామి ‘సీలయన్’ బలావో తరగతిది, మన ‘కుర్సురా’ సోవియట్‌లో తయారైన ఫాక్స్‌ట్రాట్ తరగతిది. రెండింటికీ పాతికేళ్లు తేడా. అయినా రెండింటికీ ముందు ఆరు, వెనుక నాలుగు, మొత్తం పది టార్పెడో (నీటిలో దూసుకెళ్లి ఓడను పేల్చే ఆయుధం) గొట్టాలు. రెండింటి గొట్టాల వ్యాసం 533 మిల్లీమీటర్లే. ముందు గదిలో ఆ ఆరు మూతల ఎదుట నిలబడితే, 53 సెంటీమీటర్లంటే ఎంతో అంకెల్లో కాక ఒంటితో తెలుస్తుంది. మనిషి భుజాలు దూరగలిగే సొరంగమది. నా కొలతలో అదే గొట్టం ఒకటిన్నర మిల్లీమీటర్లు, అంటే ఆవగింజంత.

ఇంటికి వచ్చి దెబ్బల వరుస రాసుకున్నాను. 1943 అక్టోబరు 12న ‘సెరో’ అనే జలాంతర్గామి టార్పెడోతో ‘మమియా’ను గాయపరిచింది. అమెరికా టార్పెడోలు అంతవరకు తాకినా పేలకపోవడం వంటి లోపాలతో పరువు తీసుకున్నాయి, వాటిని సరిదిద్దింది సరిగ్గా ఆ రోజుల్లోనే. మరమ్మతు చేయించుకుని వచ్చిన ఓడను 1944 మే 6న తూర్పు చైనా సముద్రంలో ‘స్పియర్‌ఫిష్’ మళ్లీ కొట్టింది. మళ్లీ మరమ్మతు చేశారు. బారులుగా కలిసి సాగే ఓడలకు కాపలా చూసే ప్రత్యేక సేనాధిపత్యాన్ని జపాన్ ఏర్పాటు చేసింది 1943 నవంబరులో, అంటే అమెరికాతో యుద్ధం మొదలై రెండేళ్లు కావస్తుండగా. ఫిరంగుల మీద పెట్టిన బుద్ధిలో కొంత కాపలా మీద పెట్టి ఉంటే అన్న మాట ఎవరైనా అంటారు, నేను అనను. బొగ్గు పొగ వదిలే 14 నాట్ల ఓడను, నీటి మీద 20 నాట్ల వేగంతో చుట్టుదారిన ముందుకెళ్లి కాచుకునే జలాంతర్గామి నుంచి కాపాడడం మంచి కాపలాకు సైతం కష్టమే.

ఆగస్టు 24

‘ఇరాకో’ సంగతి రాయకుండా ఈ డైరీ నిండదు. ‘మమియా’ ఒక్కదాని వల్ల కాదని తెలిసి కట్టించిన పెద్ద ఆహార నౌక అది. పెర్ల్ హార్బర్ దాడికి కొద్ది రోజుల ముందు, 1941 డిసెంబరు 5న పూర్తయింది. 25,000 మందికి రెండు వారాల తిండి మోయగలిగేది. ‘మమియా’కు యోకన్ ఎలాగో దానికి మొనకా అలాగ. 1944 సెప్టెంబరు 24న ఫిలిప్పీన్స్‌లోని కోరోన్ అఖాతంలో లంగరు వేసి ఉండగా, అమెరికా విమానవాహక నౌకల నుంచి వచ్చిన విమానాలు దాన్ని ముంచేశాయి. ఇప్పుడది అక్కడ నలభై మీటర్ల పైచిలుకు లోతులో నిటారుగా కూర్చుని ఉంది, ఈతగాళ్లు వెళ్లి చూసి వస్తారు.

ఇక మిగిలింది ‘మమియా’ ఒక్కటే. 1944 డిసెంబరు 20 రాత్రి దక్షిణ చైనా సముద్రంలో ‘సీలయన్’ దాన్ని పట్టుకుంది. మొదటి దాడిలో టార్పెడోలు తగిలినా ఓడ వెంటనే మునగలేదు. జలాంతర్గామి కాపలా నౌకలను తప్పించుకుని, అర్ధరాత్రి దాటాక తిరిగివచ్చి మళ్లీ కొట్టింది. 21వ తేదీన ‘మమియా’ మునిగిపోయింది. సరిగ్గా నెల కిందట, నవంబరు 21న, ఇదే ‘సీలయన్’ తైవాన్ జలసంధి దగ్గర ‘కొంగో’ యుద్ధనౌకను ముంచింది. ‘కొంగో’ మునక గురించి ఎన్నో పేజీలున్నాయి. అదే గొట్టాల నుంచి వచ్చిన టార్పెడోలు వంటింటిని ముంచిన రాత్రికి దక్కినవి కొన్ని పంక్తులే.

యుద్ధం ముగిశాక అమెరికా సైన్య, నావికా ఉమ్మడి కమిటీ వేసిన లెక్కలో, వారి జలాంతర్గాములు ముంచిన జపాన్ వాణిజ్య నౌకలు 1,113, వాటి మొత్తం దాదాపు 48 లక్షల టన్నులు. ‘మమియా’ నావికాదళపు సొంత ఓడ కనుక ఆ 1,113లో కూడా చేరదు.

సెప్టెంబరు 7

ఏ రోజు చూపాలన్న ప్రశ్నకు జవాబు ఈ వారం దొరికింది. మొదట్లో నా మనసు డిసెంబరు 20 రాత్రి మీద ఉండేది: వాలిన ఓడ, చీకటి నీళ్లు, నూనె తెట్టు. రెండు రోజులు అట్ట మీద గీసి చూశాను. బొగ్గు ఓడకు నూనె తెట్టు గీయడమే మొదటి తప్పని తర్వాత తట్టింది. పైగా వాలిన ఓడలో డెరిక్కులు పనిచేయవు, మనుషులు పెట్టెలు మోయరు. మూడు నెలలుగా నేను తొలిచినవి, తిప్పించినవి, కట్టినవి ఏవీ ఆ దృశ్యంలో తమ పని తాము చేయవు.

కనుక 1942 చివర, ట్రుక్ మడుగు. ఆ ఏడాది ఆగస్టులో ‘యమాతో’ అక్కడికి చేరింది, పసిఫిక్ నడుమ ఆ పగడపు దీవుల వలయం జపాన్ ఉమ్మడి నౌకాదళానికి స్థావరమయింది. ఓడ అప్పుడే వచ్చి లంగరు దించింది. పక్కనే తొమ్మిది మీటర్ల కట్టర్ పడవలు అయిదు. నా కొలతలో ఒక్కొక్కటి 26 మిల్లీమీటర్లు. వాటిలో రెండు అప్పటికే నిచ్చెన దగ్గర ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, మూడోది చోటు కోసం చూస్తోంది. పెట్టెలు కాగితంతో చేశాను. మిల్లీమీటరు కంటే చిన్నవి, పట్టకారుతో పట్టుకుని ఊపిరి బిగబట్టి అంటించాలి. ఒకటి తుమ్ముకు ఎగిరిపోయింది, ఇప్పటికీ దొరకలేదు.

సెప్టెంబరు 14

రంగు వేసేశాను. బూడిద రంగు ఛాయ ఒక్కో నౌకానిర్మాణ కేంద్రంలో కొద్దిగా వేరుగా ఉండేది. ఫొటో తీసింది కురేలో కనుక కురే ఛాయనే తీసుకున్నాను. అంతా బాగుందనుకుని ఓడను నీళ్ల పలక మీద పెట్టి చూస్తే, ఏదో తేలిపోతున్నట్టుగా ఉంది. కాసేపు అర్థం కాలేదు. ఆ తర్వాత తట్టింది: కురే ఫొటోలో కనిపించినంత ఓడ దేహాన్ని నేను నీటి పైన చూపాను. ట్రుక్ చేరిన రోజున ఓడ నిండుగా ఉంటుంది. 18,000 మంది తిండి కడుపులో పెట్టుకుని వచ్చిన ఓడ, అందులో కొంతైనా దించేదాకా లోతుగానే కూర్చుంటుంది. పడవలు ఇంకా ఖాళీగా ఉండగా ఓడ పైకి తేలి ఉండకూడదు.

రంగు వేసిన ఓడను తలకిందులుగా మెత్తటి గుడ్డ మీద పెట్టి, చుట్టూ టేపు చుట్టి గీత గీసి, సన్నపళ్ల రంపంతో అడుగున మూడు మిల్లీమీటర్లు కోసేశాను. అసలు ఓడకు అది మీటరు పైచిలుకు. కోత సగంలో ఒకచోట కుడి పక్కన రంగు పెచ్చు లేచింది, అక్కడ మళ్లీ లప్పం, మళ్లీ రంగు. తిప్పి పలక మీద పెడితే ఈసారి సరిగ్గా కూర్చుంది. నిచ్చెన కొస మాత్రం నీళ్లలో మునిగింది. రేపు దాని అడుగున రెండు మెట్లు తీసేయాలి.